చివరి సున్నాకు చోటేది?

పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తున్నది విశాఖపట్నం అక్కయ్యపాలెంలో ఉండే రిటైర్డ్ ఇంజినీరు. ముప్ఫై ఏళ్లు లారీలు తూచే వే బ్రిడ్జి కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాశారు.

ప్రశ్న: మేడమ్‌ గారికి నమస్కారం. మాది కంచరపాలెం. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం సీ భాషలో ఒక చిన్న కమాండ్ లైన్ ప్రోగ్రాము రాశాను. టెర్మినల్‌లో దాని పేరు, పక్కన బస్‌స్టాపు పేరు కొడితే ఆ స్టాపుకి బోర్డు కార్డు తయారవుతుంది. పేరు కోసం 24 బైట్ల బఫర్ (మెమరీలో పేరు దాచే చోటు) పెట్టాను. ఇంగ్లీషులో విశాఖపట్నమే 13 అక్షరాలు కదా, 24 బోలెడు అనుకున్నాను. ఇంగ్లీషులో అన్నీ వచ్చాయి. తెలుగులో గాజువాక, మధురవాడ, సింహాచలం వచ్చాయి. కంచరపాలెం కొట్టగానే 'స్టాక్ స్మాషింగ్ డిటెక్టెడ్' అని చెప్పి ఆగిపోయింది. మా సారు ఇంగ్లీషులోనే పెట్టెయ్యమన్నారు. మా ఫ్రెండు, కంపైల్ చేసేటప్పుడు (ప్రోగ్రాముని యంత్రానికి అర్థమయ్యేలా మార్చేటప్పుడు) 'నో స్టాక్ ప్రొటెక్టర్' ఆప్షన్ ఇస్తే పోతుందన్నాడు. ఇస్తే నిజంగానే పోయింది, కార్డు వచ్చింది. ఇది తెలుగు ఫాంటు సమస్యా? బఫర్ ఓవర్‌ఫ్లో వల్నరబిలిటీ (బఫర్ పొంగి, చొరబడటానికి దారి ఇచ్చే లోపం) అంటే ఇదేనా? నా ల్యాప్‌టాప్‌లో నేనే నడుపుకునేదానికి ప్రమాదం ఏముంటుంది? వచ్చే సెమిస్టరులో దీన్ని ఒక వెబ్‌సైటు ఫారం వెనకాల పెడతామంటున్నారు.

జవాబు: అమ్మా, ఫాంటుకు దీనితో ఏ సంబంధమూ లేదు. తెలుగుదీ తప్పు కాదు. ఒక కాగితం తీసుకుని నాతో పాటు లెక్కపెట్టు.

అక్షరాలని బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగుకి మూడు. అదైనా మనం పలికే అక్షరానికి మూడు అనుకోకు. హల్లుకి మూడు, దాని మీది గుణింతం గుర్తుకి ఇంకో మూడు, ఒత్తు రావాలంటే మధ్యలో దాక్కునే పొల్లుకి మూడు, నిండుసున్నకి మూడు. గాజువాకలో గ, దీర్ఘం, జ, కొమ్ము, వ, దీర్ఘం, క: ఏడు. ఏడు మూళ్లు 21. కంచరపాలెంలో క, నిండుసున్న, చ, ర, ప, దీర్ఘం, ల, ఎత్వం, నిండుసున్న: తొమ్మిది. అంటే 27. విశాఖపట్నం పదికి 30. వీటికి తోడు సీ భాషలో ప్రతి పేరు చివరా 'ఇక్కడితో అయిపోయింది' అని చెప్పడానికి ఒక సున్నా బైటు ఉంటుంది. (చిన్నప్పుడు నిండుసున్ననీ మనం సున్నా అనే అనేవాళ్లం. ఈ జవాబులో సున్నా అంటే మాత్రం ఆ చివరి బైటే.) అలా నీ కంచరపాలెం 28 బైట్లయింది. ఉన్న చోటు 24. స్ట్రింగ్ కాపీ ఫంక్షనుకి గిన్నె ఎంతదో తెలీదు, నువ్వు చెప్పలేదు, అది అడగదు. సోల గిన్నెలో తవ్వెడు పోసింది.

ఇప్పుడు సింహాచలం. స, గుడి, నిండుసున్న, హ, దీర్ఘం, చ, ల, నిండుసున్న. ఎనిమిది. ఎనిమిది మూళ్లు 24. చివరి సున్నాతో 25! అదీ పట్టలేదు. ఒక బైటు పొంగింది. పని చేసిందని నువ్వు రాసిన మూడు పేర్లలో ఇదొకటి, నాకు భయం వేసింది ఇక్కడే.

ఎందుకు బయటపడలేదో చెప్తాను. నీ బఫర్ పక్కన కంపైలరు ఒక రహస్య విలువ పెడుతుంది. పూర్వం రిజిస్టరు కవరు మీద లక్క ముద్ర వేసేవాళ్లు, అలాంటిది. ప్రోగ్రాము నడిపిన ప్రతిసారీ ఆ విలువ మారుతుంది. ఫంక్షను పూర్తయ్యేటప్పుడు ముద్ర చెదిరిందా అని చూసి, చెదిరితే అక్కడికక్కడే ప్రోగ్రాముని ఆపేస్తుంది. కంచరపాలెంకి నీకొచ్చిన 'స్టాక్ స్మాషింగ్' మాట అదే. దీన్ని కానరీ అంటారు. బొగ్గు గనుల్లో విషవాయువు పసిగట్టడానికి తీసుకెళ్లిన పిట్ట పేరే దీనికి పెట్టారు. లైనక్స్‌లో ఈ ముద్రలో మొదటి బైటుని కావాలనే సున్నాగా ఉంచుతారు, పేర్లు కాపీ చేసే ఫంక్షన్ల ద్వారా ఎవరూ ఆ విలువని బయటికి లాగకుండా. సింహాచలం తాలూకు చివరి సున్నా వెళ్లి సరిగ్గా ఆ సున్నా మీద పడింది. సున్నా మీద సున్నా. ముద్ర చెదరలేదు, కార్డు చక్కగా వచ్చింది, నువ్వు 'పని చేసింది' జాబితాలో రాసుకున్నావు.

ఆ ఒక్క బైటు ఏం చేయగలదో నేను చూశాను, అందుకే ఇంత సాగదీస్తున్నాను.

1994లో కాన్వెంట్ జంక్షన్ అవతల ఒక వే బ్రిడ్జికి నేను ప్రోగ్రాము రాశాను. డాస్ మీద, టర్బో సీలో. ఖాళీ లారీ ముందు కాటా ఎక్కుతుంది, ఆ బరువు కంప్యూటర్లోకి వస్తుంది. పోర్టులో బొగ్గు ఎత్తుకుని లారీ మళ్లీ కాటా ఎక్కుతుంది. అప్పుడు ఆపరేటరు ట్రాన్స్‌పోర్టు పేరు కొడతాడు, చీటీ ప్రింటవుతుంది: లోడు బరువు, ఖాళీ బరువు, రెండింటి తేడా. పేరుకి నేనిచ్చింది 20 బైట్లు. మెమరీలో దాన్ని ఆనుకునే ఖాళీ బరువు దాచుకున్న నాలుగు బైట్లు. ఆపరేటర్లకు 'ఇరవై అక్షరాల దాకా కొట్టుకోండి' అని నా నోటితో నేనే చెప్పాను.

ఒక ట్రాన్స్‌పోర్టు పేరు మధ్యలో ఖాళీలతో కలిపి సరిగ్గా ఇరవై అక్షరాలు. ఆ పేరు కొట్టిన ప్రతిసారీ చివరి సున్నా పక్కింట్లో పడేది. ఖాళీ బరువులో అన్నిటికన్నా చిన్న బైటు తుడిచిపెట్టుకుపోయేది. 6,140 కిలోల లారీ చీటీ మీద 5,888 అయ్యేది. ఖాళీ బరువు 252 కిలోలు తగ్గితే బొగ్గు అంత పెరిగినట్టు లెక్క. అవతల ఫ్యాక్టరీలో దించి తూస్తే అంత తక్కువ. షార్టేజీ అన్నారు. డ్రైవరు దారిలో బొగ్గు అమ్ముకున్నాడన్నారు. కిరాయిలో కోత పెట్టారు. అదే ట్రాన్స్‌పోర్టులో ఇంకో లారీ 5,890 కిలోలుండేది. దాని చీటీ మీదా 5,888 వచ్చేది, పోయింది రెండు కిలోలే, ఎవరూ అడగలేదు. ఒక డ్రైవరుకి ఎప్పుడూ తక్కువ, పక్క డ్రైవరుకి ఎప్పుడూ సరి. ఇంక అనుమానం మనిషి మీదికి కాక ఎక్కడికి పోతుంది?

ఆ డ్రైవరు మూడు నెలల చీటీలు చేతిరుమాల్లో మూటగట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. చదివింది నాలుగో తరగతి. 'మీ కాటా పదేసి కిలోలే సూపిస్తాది కదమ్మా. మరీ ఎనిమిదెలాగొచ్చినాది?' అన్నాడు.

నిజమే. ఆ కాటా 10 కిలోల మెట్లలోనే చూపిస్తుంది. 5,880 చూపించగలదు, 5,890 చూపించగలదు, 5,888 దాని వల్ల కాదు. చీటీలు నేల మీద పరిచాను. 5,888. 5,888. 5,632. మళ్లీ 5,888. ఒకటి 256కి 23 రెట్లు, ఇంకొకటి 22 రెట్లు. చూడగానే కాళ్లు ఆడలేదు. తప్పు ఎవరిదో ఆ గదిలో నాకొక్కదానికే తెలిసింది.

తర్వాత ఆపరేటర్లని అడిగితే ఇంకో సంగతి చెప్పారు. ఎప్పుడో ఒకసారి ఇరవై ఒక్క అక్షరాలు కొడితే లారీ ఖాళీ బరువు 65 కిలోలని వచ్చిందట. ఆ ఇరవై ఒకటో అక్షరం ఇంగ్లీషు పెద్ద 'ఏ', కంప్యూటర్లో దాని సంఖ్య 65. అప్పట్నుంచి పెద్ద పేర్లు కుదించి కొట్టడం అలవాటు చేసుకున్నారు. నాకెవరూ చెప్పలేదు. పెద్ద తప్పుని మనుషులు పక్కకి తప్పుకుని వెళ్లిపోయారు, ఒక్క బైటు తప్పు మాత్రం మిగిలి ఒక మనిషి కూలి మీద పడింది. 20ని 21 చేయడానికి నాకు నిమిషం పట్టలేదు. అతని కోత డబ్బు ఇప్పించడానికి నాలుగు నెలలు తిరిగాను. రెండు ట్రిప్పులవి రానేలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక మీ సారు మాటకి వద్దాం. ఇంగ్లీషులో పెడితే ఈ రోజుకి కార్డు వస్తుంది. రేపు ఎవరో స్టాపు పేరు పక్కన 'రైల్వే స్టేషన్ వెనక' అని చేర్చి కొడతారు, ఇంగ్లీషులోనే పొంగుతుంది. కంచరపాలెం బోర్డు కంచరపాలెంలో తెలుగులో ఉండకూడదనడానికి 24 అనే అంకె కారణం కావడం నాకు ఒప్పదు. మీ ఫ్రెండు సలహా ఇంకా చెడ్డది. ఆ ఆప్షన్ పొంగుని ఆపలేదు, ముద్రని తీసేసింది. పొంగిన నాలుగు బైట్లు ఇప్పుడూ పొంగుతూనే ఉన్నాయి, చూసేవాళ్లు లేరు.

ప్రమాదం సంగతి అడిగావు. బఫర్ దాటి ఇంకొంచెం ముందుకి పోతే, ఫంక్షను పని ముగించాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో రాసిపెట్టిన చిరునామా ఉంటుంది. ఎవరైనా పొడుగాటి పేరులో ఎంచి కూర్చిన బైట్లు పంపి ఆ చిరునామా మార్చేస్తే, ప్రోగ్రాము వాళ్లు చెప్పిన చోటికి వెళ్తుంది. నీ ల్యాప్‌టాప్‌లో నీకు నువ్వే పంపుకుంటే నీ ఇంటికి నువ్వే కన్నం వేసుకున్నట్టు, ఎవరికీ లాభం లేదు. పేరు కొట్టే చెయ్యి ఒకరిది, ప్రోగ్రాముకున్న అధికారం ఇంకొకరిది అయిన రోజున అదే తప్పు వల్నరబిలిటీ అవుతుంది. వెబ్ ఫారం వెనకాల పెట్టిన రోజు నీ ప్రోగ్రాముకి ఆ రోజే. 1988 నవంబరు 2న ఇంటర్నెట్‌ని కుదిపేసిన మోరిస్ వర్మ్ (యంత్రం నుంచి యంత్రానికి తనంతట తానే పాకిన ప్రోగ్రాము) ఒక దారి ఇలాగే చేసుకుంది. ఫలానా యంత్రంలో ఎవరున్నారో చూసే ఫింగర్ అనే కమాండుకి అవతలి వైపు జవాబిచ్చే ప్రోగ్రాములో 512 బైట్ల బఫర్. చదివేది గెట్స్ అనే ఫంక్షను, హద్దు ఎంతో చెప్పడానికి కూడా వీల్లేనిది. దానికి 536 బైట్లు పంపారు. ఆ గెట్స్‌ని సీ భాష ప్రమాణంలోంచి తీసేసింది 2011లో. అంటే 23 ఏళ్ల తర్వాత.

బాగుచేయడం ఎలా? స్ట్రింగ్ ఎన్ కాపీ వాడమని నీకు ఎవరో ఒకరు చెబుతారు. దానికి 24 అని చెప్పి సింహాచలం ఇచ్చి చూడు: సరిగ్గా 24 బైట్లు నింపి, సున్నా పెట్టకుండా వదిలేస్తుంది. ప్రింటు చేసేటప్పుడు పేరు ఎక్కడ ఆగాలో తెలీక పక్క మెమరీ కూడా చదువుకుంటూ పోతుంది. ఎస్‌ఎన్‌ప్రింట్ఎఫ్ అనే ఫంక్షను నయం, సున్నా ఎప్పుడూ పెడుతుంది. కానీ అది 23 బైట్ల దగ్గర కోస్తుంది. కంచరపాలెంలో 21 బైట్లకి 'కంచరపాల' అయి, మిగిలిన రెండు బైట్లూ ఎత్వంలో తెగిన ముక్కలుగా వేలాడతాయి. బోర్డు మీద పిచ్చి గుర్తు పడుతుంది. కోత పడిందో లేదో అది తిరిగిచ్చే సంఖ్య చూస్తే తెలుస్తుంది, చూడకుండా వదిలెయ్యకు.

నేనైతే ఇలా చేస్తాను. వచ్చిన పేరు ఎన్ని బైట్లో కొలుస్తాను. ఒకటి కలుపుతాను, సున్నా కోసం. అంత చోటు మాలాక్ ఫంక్షనుతో అడుగుతాను. దొరకలేదంటే చెప్పి ఆగిపోతాను. దొరికాకే పోస్తాను. బోర్డు మీద పట్టే హద్దు ఒకటి కావాలంటే పెట్టుకో, దాటితే 'పేరు పెద్దదైంది' అని తెలుగులో చెప్పు. తర్వాత జీసీసీ కంపైలరుకి 'ఎఫ్ శానిటైజ్ ఈక్వల్స్ అడ్రస్', దానితో పాటు 'జీ' ఆప్షన్ ఇచ్చి నీ పాత ప్రోగ్రామునే మళ్లీ కంపైల్ చేసి సింహాచలం కొట్టు. 25 బైట్లు రాయబోయావని, ఏ లైనులో రాయబోయావో కూడా చెబుతుంది. ఆ తర్వాత కొత్తదానికి మా అక్కయ్యపాలెం ఇచ్చి చూడు. పన్నెండుకి 36, సున్నాతో 37.

ప్రశ్న: డాబాగార్డెన్స్‌లో మాకు చిన్న ఆడిటింగ్ ఆఫీసు ఉంది. 2019లో లైనక్స్ మింట్ 19 పెట్టించాం. బాగా నడుస్తోందని ఇంతవరకు అప్‌డేట్లు చేయలేదు. కొత్తగా చేరిన అబ్బాయి, అందులో సుడో అనే కమాండులో బఫర్ ఓవర్‌ఫ్లో ఉంది, ఎవరైనా రూట్, అంటే మెషీన్ మొత్తానికి యజమాని, అయిపోవచ్చు అని భయపెడుతున్నాడు. లాగిన్లున్నది ఐదుగురికే, అందరూ పాతవాళ్లు, నమ్మకస్తులు. నిజంగా కంగారు పడాలా?

జవాబు: ఆ అబ్బాయి చెప్పింది నిజమండీ. మీ దాంట్లో ఒకటి కాదు, రెండున్నాయి.

మామూలు యూజరుకి కాసేపు అడ్మిన్ పని చేసే వీలు ఇచ్చేది సుడో. అందుకని దాన్ని ఎవరు మొదలుపెట్టినా అది మొదటి క్షణం నుంచీ రూట్ అధికారంతోనే నడుస్తుంది, మీకు ఆ అధికారం ఇవ్వాలా వద్దా అన్నది తర్వాత తేలుస్తుంది. ఆ తేల్చేలోపు తప్పు జరిగితే? 2021 జనవరి 26న క్వాలిస్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ బయటపెట్టింది అదే. సుడోని సుడోఎడిట్ అనే పేరుతో పిలిచి, ఎస్ ఆప్షన్ ఇచ్చి, చివర ఒక బ్యాక్‌స్లాష్ పెడితే చాలు, అక్కడ మొదలవుతుంది. బ్యాక్‌స్లాష్ అంటే 'నా తర్వాతి అక్షరాన్ని ఉన్నదున్నట్టు తీసుకో' అని అర్థం. అదే చివరిదైతే దాని తర్వాత ఉన్నది ముగింపు సున్నా. సుడో ఆ సున్నాని మామూలు అక్షరంలా కాపీ చేసి, దాన్ని దాటేసి, అవతలున్నదంతా కూడా కాపీ చేస్తూ పోయింది. చోటు మాత్రం ఇచ్చిన మాట పొడవుకి సరిపడానే తీసుకుంది. పైన కంచరపాలెం అమ్మాయికి రాసింది చదివి ఉంటే మీకు అర్థమవుతుంది: ఇది కూడా చివరి సున్నా కథే. 2011 జులైలో చేరిన ఈ తప్పు దాదాపు పదేళ్లు అక్కడే ఉంది, ప్రపంచంలో ఎంతో మంది నిపుణులు రోజూ వాడే కమాండులో.

మీ ఐదుగురి మీద నాకూ అనుమానం లేదు. కానీ ఈ దారికి సుడో వాడే అనుమతి అక్కర్లేదు, పాస్‌వర్డు తెలియక్కర్లేదు. ఆ ఐదుగురిలో ఒకరి లాగిన్ ఎవరి చేతికైనా చిక్కితే చాలు, మీ క్లయింట్ల లెక్కలన్నీ వాళ్లవే. రెండో తప్పు 2020 జనవరిలో బయటపడింది. పాస్‌వర్డు కొడుతుంటే నక్షత్రాలు కనిపించే సదుపాయం ఉంది చూశారూ, దానిలోది. చాలా లైనక్సుల్లో ఆ సదుపాయం ఆపి ఉంటుంది, మింట్‌లో మనం అడగకుండానే పెట్టే ఉంటుంది.

అప్‌డేట్ ఒక్కటే చేస్తే చాలదు. మింట్ 19కి మద్దతు 2023 ఏప్రిల్‌తో ముగిసింది. ఈ ఆదివారం ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి తీసుకుని, తీసుకున్నవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకుని, కొత్త వెర్షన్ వేయించండి. సుడో వెర్షన్ నంబరు చూసి నిర్ణయానికి రావద్దు. 1.9.5పీ2లో క్వాలిస్ చెప్పిన తప్పు బాగైంది, కానీ మింట్ లాంటి డిస్ట్రిబ్యూషన్ల వాళ్లు పాత నంబరు అలాగే ఉంచి లోపల మరమ్మతు చేస్తుంటారు. ఆ అబ్బాయిని నిలబెట్టుకోండి.

ప్రశ్న: గాజువాక నుంచి. ఒక చోట బిల్లులు కట్టే మెషీన్‌లో మా అమ్మ పూర్తి పేరు కొడితే ప్రోగ్రాము మూసుకుపోయి నల్ల తెర వస్తోంది. అక్కడివాళ్లకి చెబితే పేరు చిన్నది చేసి కొట్టమన్నారు. మా తమ్ముడు ఇంకా పొడుగ్గా ఏదో కొట్టి లోపలికి వెళ్లి, వాళ్లకే చూపిస్తానంటున్నాడు. చేయనివ్వచ్చా?

జవాబు: వద్దని చెప్పండి. ఉత్సాహం మంచిదే, మెషీన్ వాళ్లది. అనుమతి లేకుండా చొరబడితే ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ కింద నష్టపరిహారం కట్టాల్సి వస్తుంది. దురుద్దేశం ఉందని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చూపిద్దామనే వెళ్లానని రుజువు చేసుకోవడానికి ఆ వయసు పిల్లాడు కోర్టుల చుట్టూ తిరగడం నేను చూడలేను.

మీరు ఇప్పటికే చూసింది చాలు, ఇంకేం ప్రయత్నించక్కర్లేదు. ఏ రోజు, ఎన్నింటికి, ఏ మెషీన్, అమ్మగారి పేరు ఎన్ని అక్షరాలు, ఏ భాషలో కొట్టారు, తెర మీద ఏం వచ్చింది, ఇవి కాగితం మీద రాసి ఆ సంస్థ పెద్దాఫీసుకి పంపండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి. కదలిక లేకపోతే ఇలాంటి లోపాల ఫిర్యాదులు తీసుకోవడానికి కేంద్ర ప్రభుత్వపు సెర్ట్-ఇన్ ఉంది, వాళ్లకి రాయండి. తమ్ముడికి అంత ఆసక్తి ఉంటే ఇంట్లోనే 24 బైట్ల బఫర్ పెట్టి ఒక ప్రోగ్రాము రాయమనండి, అమ్మగారి పేరు అందులో కొట్టి ఎక్కడ పొంగుతుందో పట్టుకోమనండి. పట్టుకున్నాక నాకు ఉత్తరం రాయమనండి. అమ్మగారి పేరు మాత్రం చిన్నది చేయకండి.